‘పర్మిషన్ డినైడ్’ అంటే పొమ్మని కాదు

మన హాస్టల్లో పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఎక్కువసార్లు వినిపించే మాట ఏది? నన్నడిగితే ‘పర్మిషన్’ అంటాను. ఊరికెళ్ళాలంటే పర్మిషన్ లెటరు. ఆదివారం బజారుకెళ్ళాలంటే గేటు దగ్గర రిజిస్టరులో సంతకం. పరీక్షల ముందు స్టడీ హాల్లో పదిన్నర దాటి కూర్చోవాలంటే వార్డెన్ మేడమ్ గారి అనుమతి. నేను ఇంటర్లో చేరిన కొత్తలో నా లెటరు మీద మా అమ్మ వేలిముద్ర వేస్తే, దాని కింద ఆమె పేరు నేనే రాసేదాన్ని. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేను. అందుకే కాబోలు, ఎక్కడైనా ‘పర్మిషన్ లేదు’ అని వినపడితే ఎందుకని అడగకుండా వెనక్కి తిరగడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటైపోయింది.

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని చెల్లెళ్ళు అడిగినప్పుడు చదువు విలువ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనుకున్నాను. కాని అవి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తే మీకు ఎక్కువ ఉపయోగం అనిపించింది. ఇది కంప్యూటరు సంగతే అయినా బి.ఏ., బి.కాం. చదివే చెల్లెళ్ళు పేజీ తిప్పేయవద్దని మనవి. మీకు అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నిస్తాను. ఆదేశాల పేర్లను మనం నోటితో పలికే తీరులోనే తెలుగులో రాస్తున్నాను.

అసలు జరిగిందేమిటి?

ఎం.సి.ఎ. మొదటి సంవత్సరంలో మాకొక అసైన్‌మెంట్ ఇచ్చారు. ఏదైనా ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ సోర్సు తీసుకుని, దానికి ఒక ప్యాచ్ వేసి, లినక్స్ మెషీను మీద బిల్డ్ చేసి చూపించాలి. ప్యాచ్ అంటే అతుకు. చిరిగిన పావడాకు అమ్మ అతుకు వేసినట్టుగానే, ప్రోగ్రామ్ మొత్తం తిరగరాయకుండా ఏ లైను తీసేయాలో, ఏ లైను చేర్చాలో చెప్పే చిన్న ఫైలు అది. బిల్డ్ అంటే మనుషులు చదవగలిగే సోర్సును మెషీను నడపగలిగే ప్రోగ్రామ్‌గా తయారుచేయడం.

నేను గ్నూ హలో అనే ప్యాకేజీ ఎంచుకున్నాను. ప్రపంచానికి హలో చెప్పడం తప్ప దాని పని వేరే ఏమీ లేదు. ప్యాకేజీ ఎలా కట్టాలో నేర్చుకునేవాళ్ళ కోసమే ఉన్నదని చెప్పవచ్చు. దానిచేత ‘నమస్కారం’ అనిపించాలని నా ఆశ. నాకు సొంత కంప్యూటరు లేదు. విండోస్ మెషీను మీద సోర్సు దించుకుని, అక్కడే విప్పి, ఆ ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ల్యాబ్‌లోని లినక్స్ మెషీనుకు తెచ్చాను. మొదటి మెట్టు ‘కన్ఫిగర్’ అనే స్క్రిప్టు నడపడం. నడపగానే తెర మీద రెండే మాటలు వచ్చాయి: పర్మిషన్ డినైడ్.

నేనేం చేశానో చెబితే మీరు నవ్వుతారు. లేచి హాస్టల్‌కు వచ్చేశాను. మాలాంటివాళ్ళ లాగిన్లకు ఈ పని చేసే హక్కు ఇవ్వలేదేమో అనుకున్నాను. రెండు రోజులు ఎవరినీ అడగలేదు. అడిగితే ఇది కూడా తెలియదా అంటారని భయం. ఇది నా మొదటి తప్పు.

మూడో రోజు క్లాసులో ఒకరు తేలిక మార్గం చెప్పారు. ఫోల్డరును నా హోమ్ డైరెక్టరీలోకి కాపీ చేసుకుని, రూట్‌గా మారి 777 కొట్టమన్నారు. రూట్ అంటే ఆ మెషీనుకు సర్వాధికారి. ఆ పాస్‌వర్డ్ రహస్యంగా ఉండాల్సింది, ల్యాబ్‌లో సగం మందికి తెలుసు. నేను రూట్‌గా మారాను, కన్ఫిగర్ నడిచింది, బిల్డ్ కూడా అయింది. ఆ రాత్రి గర్వంగా నిద్రపోయాను.

మర్నాడు నా మామూలు లాగిన్‌తో ప్యాచ్ వేసి మళ్ళీ బిల్డ్ చేయబోతే మళ్ళీ అదే మాట. ముందురోజు రూట్‌గా ఉండి బిల్డ్ చేశాను కదా, అప్పుడు కొత్తగా పుట్టిన డైరెక్టరీలన్నీ రూట్ పేరు మీద ఉన్నాయి. అందులో రాయడానికి నాకు హక్కు లేదు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. కోపంతో మళ్ళీ రూట్‌గా మారి, ‘ఇక్కడున్న వాటన్నిటికీ 777 ఇవ్వు’ అని కొట్టబోయాను. ‘ఇక్కడ’ అని చెప్పడానికి ఒక చుక్క, తర్వాత ఒక గీత కొట్టాలి. చుక్క పడలేదు. గీత ఒక్కటే పడింది. గీత ఒక్కటే ఉంటే దాని అర్థం మొత్తం మెషీను అని.

ఫైళ్ళను తుడిచేసే ‘ఆర్ఎం’ ఆదేశానికి అలాంటి పొరపాటు జరిగితే ఆపే అడ్డు ఒకటి ఇప్పుడు ఉంటుంది. అనుమతులు మార్చే ‘సీహెచ్‌మోడ్’కు మాత్రం మనం అడిగితే తప్ప ఆ అడ్డు ఉండదు. చెప్పిన పని చెప్పినట్టు చేసుకుపోయింది. భయపడి మధ్యలో ఆపేసి, లాగౌట్ అయి వచ్చేశాను.

అన్ని ఫైళ్ళకూ అందరికీ అన్ని హక్కులూ ఇస్తే మెషీను ఇంకా బాగా నడవాలి కదా అని మీకు అనిపించవచ్చు. జరిగింది దానికి విరుద్ధం. ‘సు’, ‘సూడో’ అనే ప్రోగ్రామ్‌లు రూట్ తరఫున పనిచేయడానికి వాటి మీద ‘సెట్‌యూఐడీ’ అనే ప్రత్యేక గుర్తు ఉంటుంది. 777 అన్న అంకె ఆ గుర్తును చెరిపేసింది. దాంతో ఎవరూ ఆ దారిన రూట్ కాలేకపోయారు. వేరే మెషీన్ల నుంచి లాగిన్ అవడానికి వాడే ఎస్ఎస్‌హెచ్, తన రహస్య తాళం ఫైలును లోకమంతా చదవగలిగేలా ఉండడం చూసి ఆ తాళాన్ని వాడనని మొరాయించింది. ల్యాబ్‌లో అందరూ ఆ మెషీనులోకే లాగిన్ అయి పనిచేసేవారు. ఏ ఫైలుకు మొదట ఏ హక్కు ఉండేదో వెతికి సరిచేసేకంటే కొత్తగా ఎక్కించడమే మేలని మూడు రోజులు ల్యాబ్ మూసేశారు. అవి సీనియర్ల ప్రాజెక్టు సబ్మిషన్ రోజులు.

ఆలస్యంగా ల్యాబ్‌లో ఉండేది హాస్టల్ పిల్లలే గనుక అనుమానం మన మీదికే వచ్చింది. ‘హాస్టల్ వాళ్ళకు ఇస్తే ఇంతే’ అన్న మాట కారిడార్‌లో నా చెవిన పడింది. వారం రోజులు నోరు మెదపలేదు. తర్వాత అన్నం సహించక, ల్యాబ్ చూసే మేడమ్ గారి దగ్గరికెళ్ళి నేనే చేశానని చెప్పాను. ఆమె తిట్టలేదు. ‘‘పర్మిషన్ లేదని చెప్పినప్పుడు ఎవరికి లేదంటోంది, దేనికి లేదంటోంది అని ఒక్కసారైనా చూశావా అమ్మా?’’ అని అడిగారు. చూడలేదు. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు నేను ఆలస్యంగా చెబుతున్న జవాబు.

నాలుగు ప్రశ్నలు

యూనిక్స్‌ను 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తదితరులు తయారుచేశారు. ఒకే మెషీను మీద చాలామంది పనిచేసేవారు గనుక ఒకరి ఫైలును ఇంకొకరు పాడుచేయకుండా ఉండడానికి హక్కులు పెట్టారు. లినక్స్ అదే పద్ధతిని తీసుకుంది. కాబట్టి ఆ మాట కనిపించినప్పుడు మనసు చిన్నబుచ్చుకోకుండా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: నేనెవర్ని? ‘ఐడీ’ అని కొడితే మన పేరు, మనం ఏ ఏ గ్రూపుల్లో ఉన్నామో చెబుతుంది. గ్రూపులో మనల్ని చేర్చామని ఎవరైనా చెప్పినా, ఒకసారి లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అయ్యేదాకా అది మనకు వర్తించదు. ఈ చిన్న సంగతి తెలియక గంటలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

రెండోది: ఈ ఫైలు ఎవరిది, ఎవరికి ఏ హక్కు ఉంది? ‘ఎల్ఎస్ మైనస్ ఎల్’ అని కొడితే కనిపిస్తుంది. యజమానికి, గ్రూపుకు, మిగతావారికి అని మూడు వరసలు. ఒక్కొక్క వరసలో చదివే హక్కు, రాసే హక్కు, నడిపే హక్కు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 అని లెక్క. 644 అంటే యజమాని చదవవచ్చు, రాయవచ్చు, మిగతావారు చదవవచ్చు. 755 అంటే అందరూ చదివి నడపవచ్చు, రాసేది మాత్రం యజమాని ఒక్కరే. 777 అంటే దారిన పోయే ఎవరైనా వచ్చి దాన్ని మార్చవచ్చు. ఇంకో సంగతి. మీరు యజమాని అయితే మీకు యజమాని వరసే వర్తిస్తుంది. మిగతావారి వరసలో ఎక్కువ హక్కులున్నా మీకు పనికిరావు.

మూడోది: ఆ ఫైలు ఏ డైరెక్టరీలో ఉంది? ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. డైరెక్టరీ అంటే మన హాజరు రిజిస్టరు లాంటిది. అందులో ఉండేవి పేర్లు. కొత్త పేరు రాయాలన్నా, ఉన్న పేరు కొట్టేయాలన్నా రిజిస్టరు మీద రాసే హక్కు కావాలి. ఆ మనిషి మీద హక్కుతో పనిలేదు. ఫైలును తుడిచేయాలంటే ఫైలు మీద రాసే హక్కు కాక, డైరెక్టరీ మీద రాసే హక్కు కావాలన్నది అందుకే. డైరెక్టరీ మీద ‘నడిపే’ హక్కు అంటే ఆ గది గుండా వెళ్ళే హక్కు. పై నుంచి కింది దాకా దారిలో ఒక్క డైరెక్టరీకి ఆ హక్కు లేకపోయినా, లోపలున్న ఫైలుకు 777 ఉన్నా మనం చేరలేం.

నాలుగోది: ఆ ఫైలు ఏ డిస్కు మీద ఉంది? నా కథకు అసలు కారణం ఇదే. పెన్‌డ్రైవ్‌లకు సాధారణంగా వాడే ఫ్యాట్ పద్ధతికి ఈ యజమాని, గ్రూపు, నడిపే హక్కుల సంగతే తెలియదు. సోర్సులో కన్ఫిగర్ ఫైలుకు ఉన్న నడిపే హక్కు పెన్‌డ్రైవ్‌లోకి వెళ్ళేసరికి రాలిపోయింది. అక్కడినుంచి హోమ్‌లోకి కాపీ చేసినా తిరిగి రాలేదు. కొన్నిచోట్ల డిస్కునే ‘నోఎగ్జెక్’ అని తగిలిస్తారు. అప్పుడు ఫైలుకు నడిపే హక్కు కనిపిస్తున్నా మెషీను నడపనివ్వదు. ‘మౌంట్’ అని కొడితే ఈ సంగతి బయటపడుతుంది.

మరి నేను చేయాల్సింది ఏమిటి? సోర్సును విప్పకుండా టార్ ఫైలును ఉన్నది ఉన్నట్టుగా పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని, లినక్స్ మెషీనులో నా హోమ్ డైరెక్టరీలో విప్పుకోవాలి. హక్కులన్నీ టార్ లోపల భద్రంగా ఉంటాయి. అంతే. రూట్ అక్కర్లేదు, 777 అక్కర్లేదు. ఇంకా సిగ్గుపడే సంగతేమిటంటే, హోమ్‌లోకి నేను కాపీ చేసుకున్న ఫైలు నాదే. దానికి నడిపే హక్కు నా లాగిన్‌తో నేనే ఇచ్చుకోవచ్చు. నా సొంత పెట్టె తాళం తీయడానికి వార్డెన్ మేడమ్‌ను పిలిచినట్టయింది నా పని.

ప్యాచ్ దగ్గర వచ్చే చిక్కులు

ప్యాచ్ వేసే ప్రోగ్రామ్‌ను 1985లో లారీ వాల్ రాశారు. ఇది పాత ఫైలులోనే అక్షరాలు దిద్దదు. కొత్త ఫైలు ఒకటి తయారుచేసి, దాన్ని పాత పేరు మీద పెడుతుంది. కాబట్టి ఫైలు మనదే అయినా డైరెక్టరీలో రాసే హక్కు లేకపోతే ప్యాచ్ పడదు. ఫైలుకు రాసే హక్కు తీసేసి ఉంటే ‘ఇది చదవడానికి మాత్రమే, అయినా ప్రయత్నిస్తున్నా’ అన్న అర్థంలో ఒక హెచ్చరిక ఇస్తుంది. ఆ హెచ్చరికను చదవండి. ఆ ఫైలును అలా ఉంచడానికి కారణం ఉండవచ్చు.

రెండో చిక్కు ఇంకా దొంగది. పాత తరహా డిఫ్ ఫైలులో లైన్ల మార్పులే ఉంటాయి, హక్కుల సంగతి ఉండదు. ప్యాచ్ ద్వారా కొత్త స్క్రిప్టు ఒకటి వచ్చిందనుకోండి, దానికి నడిపే హక్కు ఉండదు. బిల్డ్ సగం దాకా బాగానే నడిచి, ఆ స్క్రిప్టు దగ్గర ఆగిపోతుంది. గిట్ తయారుచేసే డిఫ్‌లో 100644, 100755 అని హక్కు కూడా రాసి ఉంటుంది. గ్నూ ప్యాచ్ 2.7 నుంచి దాన్ని అర్థం చేసుకుంటుంది. పాత తరహా డిఫ్ అయితే మనమే చూసుకోవాలి.

చూసుకోవడమంటే ఎక్కడ? మీ మెషీనులో మీరు ఒక్కసారి హక్కు ఇస్తే మీ పని అయిపోతుంది, మీ తర్వాత బిల్డ్ చేసేవాళ్ళు మళ్ళీ అదే గోతిలో పడతారు. కాబట్టి ప్యాకేజీ వంటకం రాసే చోటే, ప్యాచ్ వేసిన వెంటనే ఆ ఒక్క ఫైలుకు నడిపే హక్కు ఇవ్వమని ఒక లైను రాయాలి. లేదా స్క్రిప్టును నేరుగా నడపకుండా ‘షెల్’ చేత చదివించి నడపాలి. సరిచేసే చోటు సరైనదైతే తర్వాత వచ్చేవాళ్ళకు బాధ తప్పుతుంది. మన హాస్టల్లో కుళాయి కారుతుంటే బకెట్ పెట్టి వెళ్ళిపోయేవాళ్ళున్నారు, వాషర్ మార్పించేవాళ్ళూ ఉన్నారు. మీకు తెలుసు ఎవరు ఎంతమందో.

సూడో పేరుతో జరిగే ఒక తమాషా కూడా చెప్పాలి. సూడో పెట్టి ఒక మాటను ఏదో ఫైలులోకి మళ్ళించబోతే ‘పర్మిషన్ డినైడ్’ అనే వస్తుంది. సూడో పెట్టినా ఎందుకు రాలేదని తల పట్టుకుంటాం. ఫైలును తెరిచేది సూడో కాదు, మన షెల్. అది మన హక్కులతోనే నడుస్తోంది. ఇక్కడా ప్రశ్న ఒక్కటే: అడుగుతున్నది ఎవరు?

రూట్‌గా బిల్డ్ చేయకండి

ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సాఫ్ట్‌వేర్ తయారుచేయడానికి రూట్ అక్కర్లేదు. మెషీనులో అందరికోసం ఎక్కించేటప్పుడు మాత్రమే రూట్ కావాలి. కన్ఫిగర్ చేసేటప్పుడే ‘ప్రిఫిక్స్’ అని మన హోమ్‌లోని ఒక డైరెక్టరీ చూపిస్తే, ఎక్కించడానికి కూడా రూట్ అక్కర్లేదు. డెబియన్ ప్యాకేజీ కట్టేటప్పుడు లోపలి ఫైళ్ళు రూట్ పేరు మీద ఉన్నట్టు కనిపించాలి. దానికి కూడా రూట్ అవ్వాల్సిన పనిలేదు, రూట్‌లా నటించే ‘ఫేక్‌రూట్’ అనే పనిముట్టు ఉంది. ఆర్‌పీఎం ప్యాకేజీలు కట్టే పెద్దలు కూడా రూట్‌గా కట్టవద్దనే చెబుతారు. వంటకంలో ఒక్క తప్పు లైను ఉంటే అది మెషీను ఫైళ్ళనే తుడిచేయగలదు.

ఇంకో ముఖ్యమైన కారణం ఉంది. కన్ఫిగర్, మేక్ అన్నవి ఊరికే ఫైళ్ళు కావు. ఎవరో రాసిన ప్రోగ్రామ్‌లు. వాటిని రూట్‌గా నడపడమంటే, ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో బీరువా తాళం పెట్టడం. 2024 మార్చిలో ఏం జరిగిందో గుర్తు చేస్తాను. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 విడుదలల్లో ఎవరో దొంగదారి ఒకటి పెట్టారు. అది బిల్డ్ జరిగేటప్పుడు లోపలికి దూరేలా విడుదల టార్ ఫైళ్ళలో దాచారు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు సుమారు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి వెతికిన ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు మార్చి 29న దాన్ని బయటపెట్టారు. అంత పేరున్న ప్యాకేజీలోనే అలా జరిగినప్పుడు, మనం ఎక్కడినుంచో దించుకున్న సోర్సును సర్వాధికారంతో నడపడం ఎంత తెలివితక్కువో ఆలోచించండి.

రూట్‌గా ఎక్కించాల్సి వచ్చినప్పుడు కూడా ఒకటి గమనించాలి. ‘యూమాస్క్’ అని ఒక లెక్క ఉంటుంది. కొత్త ఫైళ్ళకు ఏ హక్కులు ఇవ్వకూడదో అది చెబుతుంది. అది 077గా ఉంటే, కొత్తగా పుట్టే డైరెక్టరీల్లోకి రూట్ తప్ప ఎవరూ పోలేరు. ప్రోగ్రామ్ రూట్‌కు నడుస్తుంది, మిగతా ఎవరికీ నడవదు. అప్పుడు అందరూ రూట్ కావాలంటారు. కావలసింది 022 యూమాస్క్ మాత్రమే.

ఇప్పటికే ఒకసారి రూట్‌గా బిల్డ్ చేసి చిక్కుకుంటే ఏం చేయాలి? ఆ ఒక్క బిల్డ్ ఫోల్డరు యాజమాన్యాన్ని ‘సీహెచ్‌ఓన్’తో మన పేరు మీదికి తిరిగి మార్పించుకోవాలి. లేదా టార్ ఫైలును కొత్త డైరెక్టరీలో మళ్ళీ విప్పుకుని, ఈసారి మన లాగిన్‌తో మొదటినుంచీ చేయాలి. నాకు ఆ రోజు ఇది తెలిసి ఉంటే ల్యాబ్ మూతపడేది కాదు.

‘పని అయితే చాలు కదక్కా’

ఈ మాట జూనియర్లు నాతో చాలాసార్లు అన్నారు. 777 పెడితే పని అవుతుంది, మార్కులు వస్తాయి, రాత్రి తొమ్మిదికల్లా గేటు లోపల ఉండాలి, ఈ నాలుగు ప్రశ్నలకు టైమెక్కడిది అని. వాళ్ళ బాధ నాకు తెలుసు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు రాత్రంతా ప్రయత్నించవచ్చు, మనకు ల్యాబ్ తెరిచి ఉన్న రెండు గంటలే ఉంటాయి. కాని నాకు 777 మిగిల్చింది ఏమిటి? మొదటి రోజు అరగంట మిగిలింది. తర్వాత నాకు వారం పోయింది, వందమందికి మూడు రోజులు పోయాయి. నాలుగు ప్రశ్నలు అలవాటైతే రెండు నిమిషాల పని.

ఇంకొందరు వేరే మాట అంటారు. ‘మనకు ఎప్పుడూ ఎవరో ఒకరు అనుమతి లేదనే అంటున్నారు. అవకాశం దొరికినప్పుడు మొత్తం తీసుకోవడంలో తప్పేముంది?’ ఈ మాటను నేను కొట్టిపారేయను. అందులో మన పెద్దవాళ్ళ అనుభవం ఉంది. కాని మనిషి పెట్టే అడ్డుకు, ఈ మెషీను పెట్టే అడ్డుకు ఒక తేడా ఉంది. మెషీను పెట్టిన నియమం దాచిపెట్టినది కాదు. ‘ఎల్ఎస్ మైనస్ ఎల్’ అని కొడితే ఎవరికి ఏ హక్కు ఎందుకు లేదో ఎవరికైనా చూపిస్తుంది. మన కులం, మన ఊరు, మన అమ్మ సంతకం చేయగలదా లేదా అన్నది దానికి అక్కర్లేదు. అలాంటి నియమాన్ని చదవడం నేర్చుకుంటే, చూపించని నియమాల దగ్గర కూడా ‘ఏది చూపించండి’ అని అడిగే ధైర్యం వస్తుంది.

నాకు అలాగే వచ్చింది. ల్యాబ్ గొడవ తర్వాత నా స్కాలర్‌షిప్ ఒక కార్యాలయంలో ఆగిపోయింది. రెండుసార్లు వెళ్ళాను. ‘రాదమ్మా’ అన్నారు, వచ్చేశాను. మూడోసారి వెళ్ళి, ‘‘ఎవరి దగ్గర ఆగింది సార్? ఏ కాగితం వల్ల ఆగింది?’’ అని అడిగాను. బ్యాంకు ఖాతాలో నా ఇంటిపేరు ఒక అక్షరం తేడాగా ఉందట. బ్యాంకులో సరిచేయించుకుంటే నెలలో డబ్బులు పడ్డాయి. నేను బతిమాలలేదు, దెబ్బలాడలేదు. ప్రశ్న సరిగ్గా అడిగాను, అంతే.

మనం చేయాల్సింది

ఆ రోజు నా తప్పు వల్ల జరిగిన పెద్ద నష్టం మూడు రోజుల ల్యాబ్ కాదు. ఆ తర్వాత విద్యార్థుల సొంత లాగిన్లు తీసేశారు. అందరికీ కలిపి ఒకే గెస్ట్ లాగిన్ ఇచ్చారు. లాగౌట్ అయితే ఫైళ్ళు ఉండవు. నా తర్వాత చేరిన చెల్లెళ్ళు ఇప్పటికీ దాంతోనే పనిచేస్తున్నారు. ఇంట్లో కంప్యూటరు ఉన్నవాళ్ళకు దీనివల్ల పెద్ద బాధ లేదు. నష్టపోయింది మనమే. సొంత డైరెక్టరీ లేనివాళ్ళు సొంతంగా ఏదీ కట్టలేరు.

కాబట్టి నేను కోరేది ఇది. రూట్ పాస్‌వర్డ్ అడగవద్దు, తెలిసినా వాడవద్దు. అడగాల్సింది ప్రతి ఒక్కరికీ సొంత లాగిన్, సొంత హోమ్ డైరెక్టరీ, అందులో మన ప్రోగ్రామ్ మనం కట్టుకుని నడుపుకునే స్వేచ్ఛ. రూట్ పాస్‌వర్డ్ ఒక బాధ్యత గల మనిషి దగ్గరే ఉండాలి. దాన్ని ఎప్పుడు, ఎందుకు వాడారో ఒక నోటుబుక్కులో రాయాలి. ఇలా రాసి, మా డిపార్ట్‌మెంట్‌లో ఇవ్వడానికి ఒక అర్జీ తయారుచేశాను. జరిగినదానికి బాధ్యత నాదేనని మొదటి లైనులోనే రాశాను. సంతకాలు పెట్టేవాళ్ళు నన్ను కలవండి.

మన హాస్టల్ కంప్యూటర్ గదిలోని మెషీన్లకు కూడా ఇదే పద్ధతి పెడదాం. గోడ మీద పెన్సిలుతో రాసి ఉన్న పాస్‌వర్డ్‌ను ముందు చెరిపేద్దాం. ప్రతి మెషీను పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ కట్టి ఉంచుదాం. ఏ తప్పు వచ్చింది, కారణం ఏమని తేలింది, ఎలా సరిచేశాం అని మూడు వరసల్లో రాద్దాం. మొదటి పేజీలో నా తప్పు నేనే రాస్తాను.

ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థినులైన అక్కలకు ఒక విన్నపం. మీరు పంపే పాత ల్యాప్‌టాప్‌లకు, పుస్తకాలకు మేము రుణపడి ఉంటాం. వీలైతే రెండు నెలలకొక ఆదివారం వచ్చి ఒక గంట మా పక్కన కూర్చోండి. తెర మీద తప్పు వచ్చినప్పుడు మీరు ఏం చదువుతారో, ఏ ప్రశ్న ముందు వేసుకుంటారో మాకు చూపించండి. ఇంట్లో చూసి నేర్చుకునే అవకాశం మాకు లేదు. మీకూ ఉండేది కాదు కదా.

చెల్లెళ్ళారా, ఈసారి తెర మీద ఆ రెండు మాటలు కనిపిస్తే కుర్చీలోంచి లేవకండి. రూట్ కోసం పరిగెత్తకండి. నేనెవర్ని, ఇది ఎవరిది, ఏ డైరెక్టరీలో ఉంది, ఏ డిస్కు మీద ఉంది అని అడగండి. అప్పటికీ తెలియకపోతే మొదటి అంతస్తులో కుడివైపు చివరి గది నాది. ఈ జూన్ దాకా అక్కడే ఉంటాను. వచ్చి తలుపు తట్టండి, దానికి పర్మిషన్ అక్కర్లేదు.

— మీ అక్క,
ఎం.సి.ఎ. చివరి సంవత్సరం